ఆన్‌లైన్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ చదివి కాలేజీ క్రెడిట్ తెచ్చుకోవడం: అనుమతి మెయిల్ నుంచి ట్రాన్స్‌క్రిప్ట్ దాకా

కోర్సు పూర్తయింది, మార్కులు బాగానే వచ్చాయి. సర్టిఫికెట్ ప్రింటు తీసుకుని డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్లాను. అక్కడి మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒక్కటే మాట అడిగారు: "ఇందులో ల్యాబ్ ఎక్కడుంది?"

లేదు. వీడియోలున్నాయి, క్విజ్‌లున్నాయి, చివర్లో ఒక పరీక్ష ఉంది. మా దగ్గర కంప్యూటర్ నెట్‌వర్క్స్ అంటే థియరీకి మూడు క్రెడిట్లు, ల్యాబ్‌కి ఒకటి, రెండూ కలిస్తేనే కోర్ సబ్జెక్టు. పన్నెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని చదివిన కోర్సు ఓపెన్ ఎలక్టివ్ ఖాతాలో పడింది. అదే సబ్జెక్టు మరుసటి సెమిస్టర్‌లో మొదటి నుంచి మళ్లీ చదివాను. చేరే ముందు ఒక్క మెయిల్ పెట్టి ఉంటే రెండు రోజుల్లో తేలిపోయే సంగతి అది.

ఆ దెబ్బ తిన్నాక, ఈ దారిలో వెళ్లే జూనియర్లు ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఇదే. కోర్సు నడిపేవాళ్లు పాఠం చెబుతారు, పరీక్ష పెడతారు, కాగితం ఇస్తారు. క్రెడిట్ ఇచ్చేది మాత్రం మీరు డిగ్రీ తీసుకునే కాలేజీ. అందుకని పని ట్రాన్స్‌క్రిప్ట్ (కాలేజీ ఇచ్చే అధికారిక మార్కుల పట్టిక) దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. ఈ కోర్సు దాని మీద ఏ పేరుతో, ఎన్ని క్రెడిట్లుగా, ఏ గడిలో కనపడాలో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే కోర్సు వెతకాలి.

మొదటి అడుగు: ఏ గడి నింపాలో చూసుకోండి

మీ రెగ్యులేషన్స్ పుస్తకమో, డిగ్రీ ఆడిట్ షీటో తెరవండి. కోర్, డిపార్ట్‌మెంట్ ఎలక్టివ్, ఓపెన్ ఎలక్టివ్ అని గడులు ఉంటాయి. నెట్‌వర్క్స్ కోర్సు వీటిలో దేని బదులు చదువుతున్నారో పెన్నుతో గుర్తు పెట్టుకోండి. ఓపెన్ ఎలక్టివ్ అయితే పెద్ద చిక్కు ఉండదు, దాదాపు ఏ కోర్సయినా ఒప్పుకుంటారు. కోర్ సబ్జెక్టు బదులు అంటేనే ఒక్కో గీత పట్టి చూస్తారు.

తర్వాత అదే పుస్తకంలో ఇంకో నాలుగు సంగతులు వెతకండి. బయటి నుంచి తెచ్చుకునే క్రెడిట్లకి గరిష్ఠ పరిమితి ఎంత? కనీసం ఇన్ని క్రెడిట్లు, లేదా చివరి సంవత్సరం, ఇక్కడే చదవాలన్న నిబంధన ఉందా? కనీస గ్రేడ్ ఎంత కావాలి? ఆ గ్రేడ్ మీ జీపీఏలో కలుస్తుందా, లేక క్రెడిట్ మాత్రమే వస్తుందా? అమెరికాలో చాలా కాలేజీలు సీ గ్రేడ్ గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే క్రెడిట్ ఇస్తాయి, గ్రేడ్‌ని మాత్రం జీపీఏలో కలపవు. జీపీఏ పెంచుకుందామని బయట కోర్సు తీసుకునేవాళ్లు ఇది తెలియక నిరాశపడుతుంటారు.

కోర్సు స్థాయి కూడా చూడాలి. మీ కాలేజీలో నెట్‌వర్క్స్ మూడో సంవత్సరం సబ్జెక్టు అయి, మీరు బయట చదివింది మొదటి రెండేళ్ల స్థాయిది అయితే, క్రెడిట్లు వస్తాయి కానీ ఆ గడి నిండదు. క్రెడిట్ రావడం వేరు, అది డిగ్రీకి పనికిరావడం వేరు.

ఇక్కడే ఇంకో గందరగోళం తీర్చేస్తాను. సిస్కో వారి సీసీఎన్‌ఏ, కాంప్‌టియా వారి నెట్‌వర్క్ ప్లస్ పరిశ్రమ సర్టిఫికేషన్లు. ఉద్యోగానికి విలువైనవే, కానీ మూడేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి, వాటంతట అవి కాలేజీ క్రెడిట్ కావు. కొన్ని కాలేజీలు వాటికి క్రెడిట్ ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఆన్‌లైన్ వేదికలు ఇచ్చే "కోర్సు పూర్తి చేశారు" అన్న సర్టిఫికెట్ ఇంకొకటి. గుర్తింపు ఉన్న విద్యాసంస్థ తన పేరుతో జారీ చేసే ట్రాన్స్‌క్రిప్ట్ వీటన్నిటికన్నా బలమైనది. కోర్సు పేజీ చూస్తున్నప్పుడు మొదట వెతకాల్సిన మాట ట్రాన్స్‌క్రిప్టే.

రెండో అడుగు: క్రెడిట్ లెక్క సరిచూసుకోండి

క్రెడిట్ అంటే గంటల లెక్క, అది దేశానికో తీరుగా ఉంటుంది. అమెరికాలో ఒక సెమిస్టర్ క్రెడిట్ అంటే సుమారు 15 వారాల పాటు వారానికి ఒక గంట క్లాసు, బయట కనీసం రెండు గంటల సొంత చదువు. మూడు క్రెడిట్ల కోర్సుకి మొత్తం 135 గంటలు. యూరప్‌లోని ఈసీటీఎస్ పద్ధతిలో ఒక క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని, ఏడాదికి 60 క్రెడిట్లు. బ్రిటన్‌లో ఒక క్రెడిట్‌కి 10 గంటలే, అందుకే అక్కడ ఏడాదికి 120. బ్రిటన్ కోర్సుకి 20 క్రెడిట్లని చూసి మురిసిపోవద్దు, అది ఈసీటీఎస్‌లో 10.

అమెరికాలోనే క్వార్టర్ పద్ధతి నడిపే కాలేజీలున్నాయి. మూడు క్వార్టర్ క్రెడిట్లు రెండు సెమిస్టర్ క్రెడిట్లతో సమానం. మీ డిగ్రీకి మూడు సెమిస్టర్ క్రెడిట్లు కావాలంటే అక్కడ నాలుగున్నర ఉండాలి. నాలుగు క్రెడిట్ల క్వార్టర్ కోర్సు చేసి వస్తే 2.67 పడుతుంది, మిగిలిన 0.33 కోసం ఇంకో కోర్సు చదవాల్సి వచ్చినవాళ్లున్నారు.

భారతదేశంలో చదివేవాళ్లకి ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం, అందులో ఐఐటీల వంటి సంస్థలు నడిపే ఎన్‌పీటెల్ కోర్సులు దగ్గరి దారి. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో ఆ ప్రోగ్రామ్ కింద ఉన్న కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివేందుకు విద్యాసంస్థలు అనుమతించవచ్చు. ఈ "అనుమతించవచ్చు" అన్న మాట మీద వేలు పెట్టండి: మీ కాలేజీ ఎంత ఒప్పుకుంది, ఏ కోర్సులకి ఒప్పుకుంది అన్నదే మీకు లెక్క. ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సుకి మామూలుగా మూడు క్రెడిట్లు, 8 వారాలదానికి రెండు, 4 వారాలదానికి ఒకటి. మార్కుల్లో 25 శాతం వారం వారం అసైన్‌మెంట్లకి, 75 శాతం పరీక్షా కేంద్రంలో రాసే పరీక్షకి. రెండింటిలోనూ విడివిడిగా గట్టెక్కాలి: 25కి కనీసం 10, 75కి కనీసం 30. వీడియోలు ఉచితమే, కానీ పరీక్షకి విడిగా నమోదు చేసుకుని ఫీజు కట్టకపోతే క్రెడిట్ ఊసే ఉండదు. ఆ గడువు కోర్సు మధ్యలోనే వచ్చి పోతుంది.

అమెరికాలో ఏసీఈ అనే పాత సంస్థ ఉంది, అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్. కాలేజీ బయట నడిచే కోర్సుల్ని పరిశీలించి "దీనికి ఇన్ని క్రెడిట్లు ఇవ్వచ్చు" అని సిఫార్సు చేస్తుంది. సిఫార్సు సిఫార్సే, తుది నిర్ణయం మీ రిజిస్ట్రార్‌ది. ఎఫ్-1 (అమెరికా విద్యార్థి) వీసా మీద చదివేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: ఒక సెమిస్టర్‌లో పూర్తికాల విద్యార్థిగా లెక్క తేలడానికి పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే కోర్సు ఒక్కటే, మూడు క్రెడిట్లకి మించకుండా, పనికొస్తుంది. నెట్‌వర్క్స్ ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఆ ఒక్క అవకాశం దానికే అయిపోతుంది. చేరకముందే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో మాట్లాడండి.

మూడో అడుగు: రెండు సిలబస్‌లు పక్కపక్కన

పేరులో "నెట్‌వర్కింగ్" ఉన్న కోర్సులన్నీ ఒకటి కావు. స్థూలంగా రెండు జాతులున్నాయి. కంప్యూటర్ సైన్స్ వాళ్ల "కంప్యూటర్ నెట్‌వర్క్స్"లో ప్రొటోకాల్ (యంత్రాలు మాట్లాడుకునే నియమాలు) ఎందుకు అలా ఉందో చదువుతారు: స్లైడింగ్ విండో, కంజెషన్ కంట్రోల్, డైక్‌స్ట్రా, బెల్‌మన్-ఫోర్డ్ రౌటింగ్ పద్ధతులు, సాకెట్ ప్రోగ్రామింగ్. ఐటీ వాళ్ల "నెట్‌వర్కింగ్ ఫండమెంటల్స్"లో స్విచ్‌కి వీల్యాన్ (ఒకే స్విచ్‌ని విడి నెట్‌వర్కులుగా విభజించడం) ఎలా పెట్టాలి, రౌటర్‌లో ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు కనుక్కునే ప్రొటోకాల్) ఎలా ఆన్ చేయాలి, కేబుల్ ఎక్కడ తెగిందో ఎలా పట్టుకోవాలి అని నేర్పుతారు. రెండూ మంచివే. కానీ కంప్యూటర్ సైన్స్ కోర్ గడిలో రెండో జాతి కోర్సుని పెట్టమంటే డిపార్ట్‌మెంట్ ఒప్పుకోదు. నేను చూసిన తిరస్కరణల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే.

అందుకని మీ కాలేజీ సిలబస్‌ని ఎడమవైపు, ఆన్‌లైన్ కోర్సు సిలబస్‌ని కుడివైపు పెట్టి పట్టిక గీయండి. ఒక కోర్సు పైనున్న అప్లికేషన్ లేయర్ నుంచి కిందికి వస్తుంది, ఇంకొకటి తీగ నుంచి పైకి వెళ్తుంది. వరస తేడా ఉన్నా పర్వాలేదు, విషయాలు ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం. మీ సిలబస్‌లో మూడు నాలుగు విషయాలు అటువైపు లేకపోతే పరిశీలించే ప్రొఫెసర్ అక్కడే ఆగుతారు. నా అనుభవంలో సాధారణంగా లోటు పడేవి ఎర్రర్ డిటెక్షన్ లెక్కలు, కంజెషన్ కంట్రోల్, ఐపీవీ6, సాకెట్ ప్రోగ్రామింగ్.

ఓఎస్‌ఐ నమూనా (నెట్‌వర్క్ పనిని పొరలుగా విభజించి చూపేది) ఏడు పొరల పేర్లు బట్టీ పట్టించి, పోర్ట్ నంబర్ల పట్టిక ఇచ్చి, మల్టిపుల్ చాయిస్‌తో ముగించే కోర్సు జోలికి పోవద్దు. గుర్తింపు ధ్రువీకరించుకుని పర్యవేక్షణలో రాసే పరీక్ష లేకపోతే కూడా అనుమానించాలి, చాలా కాలేజీలు అలాంటి వాటిని తీసుకోవు. ల్యాబ్ సంగతి చెప్పనక్కర్లేదు, నా కథ పైన చదివారు.

నాలుగో అడుగు: అనుమతి రాతలో తీసుకోండి

"సార్‌ని అడిగాను, పర్వాలేదన్నారు" అన్న మాట మీద డబ్బు కట్టొద్దు. ఆ సార్ సెలవులో వెళ్లచ్చు, బదిలీ కావచ్చు, మీరడిగింది ఇంకోలా అర్థం చేసుకుని ఉండచ్చు. మెయిల్ పెట్టండి, జవాబు మెయిల్లోనే రావాలి. చాలా కాలేజీల్లో ముందస్తు అనుమతికి ఫారం ఉంటుంది, ఉంటే అది నింపి మెయిల్‌కి జతచేయండి. నేను జూనియర్లకి ఇచ్చే నమూనా దాదాపు ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన హెచ్‌ఓడీ గారికి, నమస్కారం. నేను మూడో సంవత్సరం విద్యార్థిని, నా రోల్ నంబరు ఫలానా. మన ప్రోగ్రామ్‌లోని కంప్యూటర్ నెట్‌వర్క్స్ కోర్ సబ్జెక్టు, మూడు క్రెడిట్ల థియరీ, ఒక క్రెడిట్ ల్యాబ్, బదులుగా ఈ ఆన్‌లైన్ కోర్సు చదవాలనుకుంటున్నాను. రెండు సిలబస్‌ల పోలిక పట్టిక, కోర్సు నడిపే సంస్థ గుర్తింపు వివరాలు, మూల్యాంకన పద్ధతి జతచేశాను. దయచేసి మూడు విషయాలు తెలియజేయగలరు. ఇది కోర్ సబ్జెక్టుగా చెల్లుతుందా, ఎన్ని క్రెడిట్లు వస్తాయి, ల్యాబ్ భాగానికి ఏ ఆధారాలు చూపాలి? నమోదు గడువు ఫలానా తేదీ. అంతకు ముందే మీ జవాబు అందితే ఎంతో ఉపకారం."

ఇందులో ప్రశ్నలు విడివిడిగా ఉన్నాయి చూడండి. "ఈ కోర్సు చేయచ్చా సార్?" అంటే "చేయచ్చు" అని జవాబొస్తుంది. చేయకుండా ఎవరు ఆపుతారు! గడి, క్రెడిట్లు, ల్యాబ్ మూడింటికీ మూడు జవాబులు రావాలి. మెయిల్‌ని రిజిస్ట్రార్ ఆఫీసుకి లేదా ఎగ్జామ్ సెల్‌కి కాపీ పెట్టండి, చివర్లో ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎక్కించేది వాళ్లే. వచ్చిన జవాబుని పీడీఎఫ్‌గా దాచండి. కాలేజీ మెయిల్ ఖాతాలు మూసేసిన సందర్భాలు ఉంటాయి.

ఐదో అడుగు: యంత్రం సిద్ధం చేసుకోండి

ఫోన్‌తో ఈ కోర్సు గట్టెక్కదు. విండోస్, లైనక్స్, మ్యాక్ ఏదైనా సరే ల్యాప్‌టాప్ కావాలి, 8 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లని పట్టి చూపించే వైర్‌షార్క్, రౌటర్లు, స్విచ్‌లని కంప్యూటర్‌లోనే అనుకరించే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ రెండూ ఉచితం, రెండోదానికి నెట్‌వర్కింగ్ అకాడమీలో ఖాతా తెరవాలి. సాకెట్ ప్రోగ్రాములకి పైథాన్ చాలు. ఇవన్నీ మొదటి వారంలోనే పెట్టేసుకోండి, అసైన్‌మెంట్ గడువు రాత్రి ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెడితే అన్నీ మొరాయిస్తాయి.

ఆరో అడుగు: చదువు, అసలు పని ఇదే

135 గంటల్ని 15 వారాలకి పంచితే వారానికి 9. ఎనిమిది వారాల వేగపు కోర్సు అయితే దాదాపు 17. ఉద్యోగం చేస్తూ వారానికి 17 గంటలు దొరకవు, నిజాయితీగా లెక్కేసుకుని మీకు తగ్గ కోర్సు ఎంచుకోండి.

ఆ గంటల్లో సగం వీడియోలకి పోకూడదు. నెట్‌వర్క్స్ వింటుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, కాగితం ముందు పెట్టుకుంటే చెయ్యి కదలదు. చాలామంది తడబడే మూడు చోట్లు ఉన్నాయి. వాటిని దగ్గరగా చూపిస్తాను.

మొదటిది సబ్‌నెటింగ్, అంటే ఒక నెట్‌వర్క్ అడ్రసుల్ని చిన్న ముక్కలుగా పంచడం. 192.168.10.0/24 ఇచ్చారు. /24 అంటే అడ్రసులోని 32 బిట్లలో మొదటి 24 నెట్‌వర్క్‌వి, మిగిలిన 8 యంత్రాలవి. ఒక విభాగానికి 100 యంత్రాలు, ఇంకోదానికి 50, మరోదానికి 25, రెండు రౌటర్ల మధ్య ఒక లింకు. పెద్దదానితో మొదలుపెట్టండి. 100 యంత్రాలకి 64 చాలదు, 128 అడ్రసుల బ్లాకు కావాలి. 128 అంటే 2కి 7వ ఘాతం, హోస్ట్ వైపు 7 బిట్లు, 32లోంచి 7 పోతే /25. అది .0 నుంచి .127 దాకా. మొదటిది నెట్‌వర్క్ అడ్రసు, చివరిది బ్రాడ్‌కాస్ట్, యంత్రాలకి 126 మిగులుతాయి. 50కి 64 బ్లాకు, /26, .128 నుంచి .191. 25కి 32 బ్లాకు, /27, .192 నుంచి .223. లింకుకి 4 చాలు, /30, .224 నుంచి .227, రౌటర్లకి .225, .226. ఇంకా 28 అడ్రసులు చేతిలో ఉన్నాయి.

పరీక్షలో జరిగే తప్పు ఎక్కడంటే, 50 యంత్రాల బ్లాకుని .0 దగ్గర పెట్టి, 100 యంత్రాలదాన్ని .64 దగ్గర మొదలుపెడతారు. అది చెల్లదు. 128 అడ్రసుల బ్లాకు .0 దగ్గర గానీ .128 దగ్గర గానీ మాత్రమే మొదలవుతుంది, ఎందుకంటే కింది 7 బిట్లూ సున్నాలు కావాలి. బ్లాకు తన సైజుకి గుణిజం దగ్గరే మొదలవ్వాలన్న ఈ ఒక్క సూత్రం మనసుకి పడితే సబ్‌నెటింగ్ భయం పోతుంది. రోజుకి రెండు లెక్కల చొప్పున మూడు వారాలు చేయండి.

రెండోది, డేటా నమ్మకంగా చేరేలా చూసే ప్రొటోకాల్ అయిన టీసీపీ కనెక్షన్ మొదలుపెట్టే మూడు మెట్ల పలకరింపు. స్లైడు మీద బాణాలు చూసి వదిలేయకుండా మీ కంప్యూటర్‌లోనే పట్టుకోండి. వైర్‌షార్క్‌లో క్యాప్చర్ మొదలుపెట్టి, పోర్ట్ 443 వాడే టీసీపీ ప్యాకెట్లు మాత్రమే కనపడేలా ఫిల్టర్ పెట్టి, ఏదైనా సైటు తెరవండి. బ్రౌజర్‌తో పెద్ద సైట్లు తెరిస్తే ఒక్కోసారి టీసీపీ ప్యాకెట్లే కనపడవు. కంగారుపడొద్దు. అవి ఇప్పుడు యూడీపీ మీద నడిచే క్విక్ ప్రొటోకాల్ వాడుతున్నాయి, 2021లో ప్రమాణంగా వచ్చింది. టెర్మినల్‌లో కర్ల్ ఆదేశంతో అదే సైటుని అడగండి, మామూలుగా టీసీపీయే కనపడుతుంది.

మొదటి వరసలో సిన్ (కనెక్షన్ మొదలుపెడదామన్న ప్యాకెట్), సీక్వెన్స్ నంబరు (డేటా బైట్లకి వేసే వరస సంఖ్య) 0. రెండోది అవతలి నుంచి సిన్-యాక్ (యాక్ అంటే అందిందన్న జవాబు), సీక్వెన్స్ 0, యాక్ 1. మూడోది మీ యాక్, సీక్వెన్స్ 1, యాక్ 1. నిజానికి ఆ సున్నాలు సున్నాలు కావు, వైర్‌షార్క్ చదవడానికి వీలుగా మొదటి నంబర్ని సున్నాగా చూపిస్తోంది. వివరాల్లోకి వెళ్తే పక్కనే పెద్ద అసలు నంబరు ఉంటుంది. ఒక్క బైటు డేటా కూడా పంపకుండా యాక్ 1 ఎందుకైంది? సిన్ కూడా ఒక సీక్వెన్స్ నంబరు ఖర్చు చేస్తుంది కాబట్టి. ఆ సిన్ ప్యాకెట్ ఆప్షన్స్‌లో ఎంఎస్ఎస్ (ఒక్కో ప్యాకెట్‌లో మోయగల గరిష్ఠ డేటా) అని చాలాసార్లు 1460 కనపడుతుంది. ఈథర్నెట్ మోసేది 1500 బైట్లు, అందులో ఐపీ హెడర్‌కి 20, టీసీపీ హెడర్‌కి 20 తీసేస్తే మిగిలేది అదే. మూడు వారాల పాఠం ఆ ఒక్క ప్యాకెట్‌లో ఉంది. నేను మొదటిసారి ఆ 1460ని నా కళ్లతో చూసిన రోజే ఈ సబ్జెక్టు నాదనిపించింది.

మీ సొంత నెట్‌వర్క్ మీద, మీ సొంత ట్రాఫిక్ మాత్రమే క్యాప్చర్ చేయండి. హాస్టల్ వైఫైలో ఇతరుల ట్రాఫిక్ పట్టడం కాలేజీ నిబంధనలకే కాదు, చాలాచోట్ల చట్టానికీ విరుద్ధం.

మూడోది ఆలస్యం, వేగం మధ్య లెక్క. లైను 100 మెగాబిట్లది, అవతలికి వెళ్లి రావడానికి 50 మిల్లీసెకన్లు. ఫైలు మాత్రం పదిన్నర మెగాబిట్ల వేగం దాటట్లేదు, ఎందుకు? టీసీపీ హెడర్‌లో విండోకి 16 బిట్లే చోటుంది, అంటే జవాబు రాకుండా గాల్లో ఉంచగలిగేది 65,535 బైట్లు. అది 5,24,280 బిట్లు. 0.05 సెకన్లతో భాగిస్తే సెకనుకి 10.5 మెగాబిట్లు. లైను నిండాలంటే 100 మెగాబిట్లని 0.05తో గుణించాలి, 50 లక్షల బిట్లు, అంటే 6,25,000 బైట్లు దారిలో ఉండాలి. దీనికోసమే విండో స్కేలింగ్ అనే ఆప్షన్ వచ్చింది, అది కూడా ఇందాకటి సిన్ ప్యాకెట్‌లోనే కనపడుతుంది, వెనక్కి వెళ్లి చూడండి. ఈ రకం ప్రశ్న చివరి పరీక్షలో తరచుగా వస్తుంది. బిట్లా బైట్లా అన్నది ప్రతి గీతలోనూ రాసుకుంటే సగం తప్పులు పోతాయి.

రౌటింగ్ కోసం ఐదు నోడ్ల గ్రాఫ్ గీసి డైక్‌స్ట్రా పట్టిక చేత్తో నింపండి. వీడియో మూడుసార్లు చూసినదానికన్నా అది ఒక్కసారి చేసింది ఎక్కువ నిలుస్తుంది. మిగతా విషయాలు మీ కోర్సు వరసలోనే వస్తాయి.

ఏడో అడుగు: ల్యాబ్ రికార్డు

కోర్సు అడిగినా అడగకపోయినా ల్యాబ్ రికార్డు పెట్టండి. నాకు లేకపోయింది ఇదే. మీ కాలేజీ ల్యాబ్ సిలబస్‌లో ఉన్న ప్రయోగాల పేర్లే తీసుకోండి. రెండు స్విచ్‌ల మీద వీల్యాన్, మూడు రౌటర్ల మధ్య ఓఎస్‌పీఎఫ్, డీహెచ్‌సీపీ అడ్రసు తెచ్చుకునే నాలుగు మెట్లు, డీఎన్‌ఎస్ ప్రశ్న-జవాబు, ట్రేస్‌రూట్ పనిచేసే తీరు, పైథాన్‌లో చిన్న క్లయింట్-సర్వర్. ప్రతిదానికీ ఏమనుకున్నారు, ఏం కనపడింది, ఎందుకలా కనపడింది అని ఒక పేజీ. ప్యాకెట్ ట్రేసర్ ఫైలు, వైర్‌షార్క్ క్యాప్చర్ ఫైలు పక్కనే ఉంచండి, వాటిలో తేదీ ఉంటుంది.

తప్పిన ప్రయోగాన్ని తీసేయకండి. పింగ్ వెళ్లలేదు, డీఫాల్ట్ గేట్‌వే పెట్టడం మర్చిపోయాను, ఏఆర్‌పీ పట్టిక (ఐపీ అడ్రసులకి, పరికరాల హార్డ్‌వేర్ అడ్రసులకి జత చూపేది) చూసి పట్టుకున్నాను అని రాసిన పేజీ, పరిశీలించే ప్రొఫెసర్‌కి అన్నీ సజావుగా సాగిన పది పేజీలకన్నా ఎక్కువ చెబుతుంది. వైవా పెడితే ఆ పేజీ మీదే అడుగుతారు, మీకూ బాగా గుర్తుంటుంది.

ప్యాకెట్ ట్రేసర్ అసలు పరికరం కాదని గుర్తుంచుకోండి, కొన్ని ఆదేశాలు అందులో పనిచేయవు. ఒక ఆదేశం ఒప్పుకోకపోతే మీ తప్పేనని గంటలు పోగొట్టుకోవద్దు, కోర్సు చర్చల్లో అడగండి.

ఎనిమిదో అడుగు: గడువులు, పరీక్ష

చేరిన రోజే నాలుగు తేదీలు క్యాలెండర్‌లో ఎక్కించండి: డబ్బు వాపసు వచ్చే చివరి రోజు, గ్రేడ్ పడకుండా విరమించుకునే చివరి రోజు, పరీక్ష నమోదు గడువు, పరీక్ష. మధ్యలో వెనకపడితే విరమణ తేదీకి ముందే నిర్ణయించుకోండి. ఎఫ్ గ్రేడ్ కన్నా విరమణ నయం. గడువు ఏ టైమ్ జోన్‌లో ఉందో చూసుకోండి.

ఇంటి నుంచి రాసే పర్యవేక్షణ పరీక్ష అయితే వారం ముందే ఆ సాఫ్ట్‌వేర్‌తో నమూనా పరీక్ష రాయండి. కాలేజీ ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ అనుమతి లేక అది ఆగిపోవచ్చు. వైఫై బదులు కేబుల్ పెట్టండి, ఇంట్లోవాళ్లకి ఆ రెండు మూడు గంటలు గదిలోకి రావద్దని ముందే చెప్పండి. గుర్తింపు కార్డు మీద పేరు, నమోదులో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన ఇంటిపేరు ముందు రాయడం, ఇనీషియల్ పెట్టడం వల్ల ఈ తేడా మనవాళ్లకే ఎక్కువ వస్తుంది. కనెక్షన్ తెగితే వెంటనే స్క్రీన్‌షాట్ తీసి సపోర్ట్‌కి రాయండి, ఆ టికెట్ నంబరే మీ సాక్ష్యం.

అసైన్‌మెంట్ల జవాబులు నెట్‌లో దొరుకుతాయి. వాటిని చూసి నింపిన వాళ్లు పర్యవేక్షణ పరీక్షలో కాగితం ముందు ఆగిపోవడం నేను చూశాను. పట్టుబడితే క్రెడిట్ సంగతి అటుంచి, క్రమశిక్షణ చర్య మీ కాలేజీ రికార్డులోకి వస్తుంది.

తొమ్మిదో అడుగు: ట్రాన్స్‌క్రిప్ట్‌లో పడేదాకా

ఫలితాలు వచ్చిన వారంలోనే కోర్సు నడిపిన సంస్థ నుంచి అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్ నేరుగా మీ రిజిస్ట్రార్‌కి వెళ్లేలా దరఖాస్తు పెట్టండి. మీరు డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌ని చాలాచోట్ల ఒప్పుకోరు. భారతదేశంలో అయితే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాలో క్రెడిట్లు జమయ్యాయో లేదో కూడా చూసుకోవాలి. దాంతోపాటు అనుమతి మెయిల్ పీడీఎఫ్, పూర్తి సిలబస్, ల్యాబ్ రికార్డు డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చి, అందినట్టు సంతకమో జవాబు మెయిలో తీసుకోండి. సిలబస్‌ని కోర్సు నడుస్తున్నప్పుడే దింపుకోవాలి, కోర్సు ముగిశాక ఆ పేజీ మారిపోవచ్చు.

నెల రోజుల్లో మీ ట్రాన్స్‌క్రిప్ట్ తెరిచి చూడండి. సబ్జెక్టు కోడ్, క్రెడిట్లు, గడి మూడూ అనుమతిలో ఉన్నట్టే ఉన్నాయా? కోర్ బదులు ఎలక్టివ్‌లో పడితే అదే రోజు, అనుమతి మెయిల్ జతచేసి సవరణ అడగండి. పొరపాటున పడినవి చాలాసార్లు ఒక్క మెయిల్‌తో సరవుతాయి, కానీ పట్టా దగ్గర పడ్డాక అడిగితే అదే పని నెలలు పడుతుంది. నాలుగు క్రెడిట్లూ సరైన వరసలో కనపడ్డాక కూడా ఆ ఫోల్డర్‌ని తుడిచేయకండి. పైచదువులకి దరఖాస్తు పెట్టినప్పుడు "ఈ కోర్సు సిలబస్ పంపండి" అని అడుగుతారు.